అమ్మమ్మ కొట్టేసిన నాలుగు లైన్లు

అమ్మమ్మకు ప్రపంచంలో ఎవరి పనీ నచ్చదు. ఇది నింద కాదు, ఆమె ఉద్యోగమే అది. జీతం వచ్చే ఉద్యోగం పంపుహౌసులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరైంది. ఇప్పుడు చేసేది ఊరికే చేసే ఉద్యోగం. రోజూ ఉదయం పది గంటలకు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరుస్తుంది. కళ్లజోడు ముక్కు కొన మీదికి దించుతుంది. ఎక్కడెక్కడి మనుషులో రాసి పంపిన కోడ్ చదివి, అది ఎందుకు పనికిరాదో వాళ్లకు అరటిపండు ఒలిచినట్టు చెబుతుంది. ఒంటిగంటకు లాప్‌టాప్ మూసి, గెలిచి వచ్చిన మనిషిలా భోజనానికి లేస్తుంది.

పంపుహౌసులో మొదటిసారి కంప్యూటరు పెట్టినప్పుడు మిగతావాళ్లంతా దాని మీద టీ గ్లాసులు పెట్టుకున్నారు. అమ్మమ్మ ఒక్కతే గ్లాసులు తీసి పక్కన పెట్టి, దాని సంగతేమిటో కనుక్కుంది. ట్యాంకులో నీటి మట్టం ముప్పైకి దిగితే మోటారు వేసి, తొంభైకి ఎక్కితే ఆపే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసింది. దానికి గిలక అని పేరు పెట్టింది. రిటైరయ్యే ముందు గిలకను ఓపెన్ సోర్స్ చేసేసింది. అంటే ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, మూత తీసి లోపల ఏముందో చూడవచ్చు, ఏదైనా బాగుచేశామనుకుంటే ఆ మార్పును తిరిగి పంపవచ్చు. పంపిన ప్రతి మార్పునూ లోపలికి రానివ్వలేరు కదా, అందుకని గుమ్మం దగ్గర ఒకరు నిలబడి చదివి చూడాలి. గిలక గుమ్మం దగ్గర నిలబడింది అమ్మమ్మ. ఆ గుమ్మంలోంచి గాలి కూడా అనుమతి అడిగి దూరాలి.

ఇప్పుడు గిలక అపార్టుమెంట్లలో, హాస్టళ్లలో, ఆస్పత్రుల్లో నడుస్తోంది. దాన్ని వాడుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. అందులో కొందరికి మనం కూడా ఏదో ఒకటి చేద్దాం అనిపిస్తుంది. పాపం, అక్కడే వాళ్లకు అమ్మమ్మ తగులుతుంది.

"వీడు జన్మలో మోటారు చప్పుడు విన్నాడా?" అని మొదలుపెడుతుంది. కోడ్‌లో ప్రతి లైనూ ఎవరు, ఏ తారీఖున రాశారో చూపించే సాధనం ఒకటి ఉంటుంది. మంచివాళ్లు దాన్ని సందేహం అడగడానికి వాడతారు. అమ్మమ్మ పరువు తీయడానికి వాడుతుంది. "ఈ లైను రాసిన మహానుభావులెవరు?" అని కామెంట్ పెట్టి, కిందనే తానే ఆ మనిషి పేరూ తారీఖూ అంటిస్తుంది. గిలక దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ వాక్యం ఎంత ప్రసిద్ధమైందంటే, కొందరు మార్పు పంపేటప్పుడే అడుగున "రాసిన మహానుభావుణ్ణి నేనే" అని ముందుగా ఒప్పేసుకుంటారు.

ఇంట్లో అల్లుడికి కూడా ఈ వైభోగం దక్కింది. ఆయన సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే పనిచేస్తాడు. పెళ్లయిన కొత్తలో అత్తగారిని మంచి చేసుకుందామని గిలకకు ఒక చిన్న మార్పు పంపాడు. నలభై ఒక్క కామెంట్లు వచ్చాయి. చివరిది, "ఇంటికి వచ్చాక మాట్లాడదాం." అప్పటినుంచి ఆయన అమ్మమ్మ కూర్చునే గదిలో లాప్‌టాప్ తెరవడు. ఆఫీసు పని ఉంటే వంటింటి అరుగు మీద పెట్టుకుని నిలబడి చేసుకుంటాడు.

గిలకకు ఒక కట్టుబాటు ఉంది. అమ్మమ్మే పెట్టింది. ఏ మార్పయినా ఇద్దరు చదివి ఇద్దరూ అవునంటేనే లోపలికి రావాలి. రాసింది అమ్మమ్మే అయినా రెండో మనిషి అవుననాలి. ఈ రెండో మనిషి ఎక్కడో దూరాన ఉంటాడు. ఎదురుపడి చూసింది లేదు. ఎంత చెత్త పంపినా "మంచి ప్రయత్నం" అని మొదలుపెడతాడు కాబట్టి అమ్మమ్మ ఆయనకు పంతులు అని పేరు పెట్టింది. పొగడ్తగా కాదు.

"మంచి ప్రయత్నమట. మునిగిపోతున్నవాడితో మంచి ఈత అన్నట్టు" అంటుంది తాతయ్యతో.

తాతయ్య దర్జీ. కొట్టు మూసేశాక కుట్టుమిషన్ తెచ్చి అదే గదిలో కిటికీ పక్కన వేసుకున్నాడు. ఒక పక్క కుట్టుమిషన్, ఇంకో పక్క అమ్మమ్మ గొణుగుడు. రెండింటిలో నూనె పెడితే చప్పుడు తగ్గేది ఒక్కటే.

ఆ ఏడాది అమ్మమ్మ తల మీద పెద్ద పని ఉంది. ఎనిమిది నెలలుగా గిలకను మొదటినుంచి తిరగరాస్తోంది. నాలుగు వేల లైన్లు. దాదాపు అయిపోయింది. అయిపోతే చదవాల్సింది పంతులు, అవుననాల్సిందీ పంతులు. ఆయన తప్ప గిలక లోపలంతా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. ఉండేవాళ్లేమో, ఒకరి తరవాత ఒకరుగా అమ్మమ్మ తరిమేసింది.

సరిగ్గా అప్పుడే తడిగుడ్డ వచ్చాడు.

తడిగుడ్డ అనేది ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు. ఫొటో లేదు, ఊరు లేదు. పంపింది నాలుగు లైన్లు. పైన వివరణ ఒకే ముక్క: "నీళ్లు పోతున్నాయి."

"పేరు చూశారా?" అంది అమ్మమ్మ. "తడిగుడ్డట. గొంతులు కోయడానికి చెప్పి మరీ వచ్చాడు."

"వాడో, ఆవిడో" అన్నాడు తాతయ్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"వాడే. ఇంత నిర్లక్ష్యం మగవాళ్లకే ఉంటుంది."

ఆ నాలుగు లైన్ల సంగతి ఇది. ట్యాంకులో మట్టం కొలిచే మీటరు ఒకటి ఉంటుంది. దాని వైరు ఊడిపోతే గిలకకు అంకె రావడం ఆగిపోతుంది. అప్పుడు గిలక కంగారుపడకుండా, చివరిసారి వచ్చిన అంకెనే పట్టుకుని పని సాగిస్తుంది. అమ్మమ్మ అలా రాసింది. పంపుహౌసులో వైర్లు వదులుగా ఉండి నిమిషానికోసారి ఊడి మళ్లీ తగులుకునేవి. ఊడినప్పుడల్లా మోటారు ఆపి, తగిలినప్పుడల్లా వేస్తే నెలలో మూడు మోటార్లు తగలబడతాయి. తడిగుడ్డ అనేదేమిటంటే, మోటారు నడుస్తుండగా పది నిమిషాలపాటు అంకె కదలకపోతే, ఏదో తేడా ఉందని మోటారు ఆపేయాలి. అంతే.

అమ్మమ్మ ఆ అంతేను చూడలేదు. ఆమె కళ్లు అంతకుముందే ఇంకోచోట ఆగిపోయాయి. తడిగుడ్డ తన నాలుగు లైన్లలో వాడిన అంకెలకు పెట్టిన పేర్లు క, కక, కకక.

"కాకిని కూర్చోబెట్టి రాయించాడు" అంది అమ్మమ్మ, పండగొచ్చినంత సంబరంగా. కుర్చీ ముందుకు లాక్కుంది. పందొమ్మిది కామెంట్లు రాసింది. పేర్ల మీద ఆరు, ఖాళీల మీద ఐదు, కోడ్ సరిగ్గా నడుస్తుందో చూసే పరీక్ష రాయనందుకు మూడు, మిగతావి జీవితం మీద. అన్నీ రాశాక ఒంటిగంట దాటింది. ఆ నాలుగు లైన్లు ఏ పని చేయడానికి వచ్చాయో ఆ సంగతి మీద ఒక్క కామెంటూ లేదు.

మూడో రోజున తడిగుడ్డ పందొమ్మిదీ దిద్ది పంపాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పేర్లు మార్చాడు. కాకపోతే భయంకొద్దీ మార్చినట్టున్నాడు, కకక స్థానంలో "వైరు ఊడిన తరవాత కూడా కదలకుండా ఉండిపోయిన అంకె" అని అడ్డగీతలు కలిపి ఇంత పొడవు పేరు పెట్టాడు.

"ఇది పేరా, ఉత్తరమా?" అని రాసింది అమ్మమ్మ. ఈసారి పదకొండు కామెంట్లు. చివరగా, "అసలు ఇలా జరుగుతుందని రుజువేది? గిలక పన్నెండేళ్లుగా నడుస్తోంది. ఇంతమందికి రాని కష్టం మీకొక్కరికే ఎలా వచ్చింది?"

జవాబు వచ్చింది.

"నేను ఒక హాస్టల్లో మెట్లూ వరండాలూ తుడుస్తానండీ. మా మేడ మీద ట్యాంకుకు మీ గిలకే పెట్టారు. ఎలుకలు వైరు కొరికేస్తున్నాయి. కొరికినప్పుడల్లా నీళ్లు పొర్లి ఐదంతస్తులూ దిగి వస్తాయి. ఎలుకల్ని ఆపడం నా వల్ల కాలేదు, అందుకని ఖాళీ ఉన్నప్పుడు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను."

అమ్మమ్మ దాన్ని పైకి చదివింది. తాతయ్య మిషన్ ఆపాడు.

"ఎలుకల్ని పట్టడం చేతకాక ప్రోగ్రాం మీద పడ్డాడు" అంది. "ఆడలేక మద్దెల ఓడు." ఇంకో ముక్క మాట్లాడకుండా "తిరస్కరించడమైనది" అనే బటన్ నొక్కేసింది. ఆ బటన్ ఆమె లాప్‌టాప్‌లో నొక్కి నొక్కి అరిగిపోయి ఉండాల్సింది, తెర మీదిది కాబట్టి బతికిపోయింది.

"అంత కష్టపడి నేర్చుకున్న మనిషిని అలా తోలేస్తావా?" అన్నాడు తాతయ్య.

"కష్టం చూసి ఒప్పుకుంటే ట్యాంకు నిండదు."

"కుట్టు బాగోలేదని విప్పించడం వేరు. కుట్టేవాడి చెయ్యి విరగ్గొట్టడం వేరు."

"మీ కుట్టు తప్పితే చొక్కా బిగుతవుతుంది. నాది తప్పితే మోటారు పోతుంది. రెంటికీ పోలికా?"

తాతయ్య మళ్లీ మిషన్ తొక్కాడు. అది ఆయన జవాబు. నలభై ఏళ్లుగా అదే జవాబు.

మరునాడు పంతులు దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. అందరికీ కనబడేచోట కాదు, విడిగా.

"అక్కయ్యగారూ, ఈ ఏడాది మన గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లు పదకొండు మంది. వాళ్ల కోడ్ బాగోలేదు, నిజమే. మన నోరు అంతకన్నా బాగోలేదు. తడిగుడ్డ పంపిన మార్పు నేను చదివాను. సరైనదే అనిపించి నా అవును పెట్టాను. అది తప్పని మీరు చూపిస్తే ఒప్పుకుంటాను. చూపించకుండా తరిమేస్తే మాత్రం ఆ మనిషి వెనకే నేనూ వెళ్లిపోతాను. ఆదివారం సాయంత్రం దాకా చూస్తాను. ఆ తరవాత మీ నాలుగు వేల లైన్లు చదవడానికి ఇంకెవరినైనా వెతుక్కోండి."

మంచి ప్రయత్నం అనే మాట ఎక్కడా లేదు. అమ్మమ్మ అడుగుదాకా వెతికింది.

"పోతే పోనీ" అంది. "పంతులు లేకపోతే పాఠం సాగదా?"

సాగదు. ఆ కట్టుబాటు పెట్టింది ఆమే. రెండో అవును లేకుండా ఎనిమిది నెలల చాకిరీ గుమ్మం బయటే పడి ఉంటుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. అల్లుడు మాత్రం వంటింట్లోంచి, "ఆ మహానుభావులెవరో..." అని సగం అన్నాడు. అత్తగారు తల తిప్పి చూసేసరికి మిగతా సగం మంచినీళ్లతో మింగేశాడు.

శుక్రవారమంతా అమ్మమ్మ లాప్‌టాప్ తెరవలేదు. శనివారం తెరిచి, ఎదురుగా కూర్చుని, మళ్లీ మూసింది. మధ్యాహ్నానికి దారి కనిపించింది. పంతులు ఏమన్నాడు? తప్పని చూపిస్తే ఒప్పుకుంటానన్నాడు. చూపిస్తే సరి.

మేడ మీద అమ్మమ్మ పరీక్షల గది ఉంది. గది అంటే రేకు కింద రెండు డ్రమ్ములు. కింద నీలం డ్రమ్ము, పెద్దది. పైన బల్ల మీద ఎర్ర డ్రమ్ము, దానిలో సగం. మధ్యలో గ్రైండరంత మోటారు. రిటైరైన రోజున పంపుహౌసు మనుషులు ఆమెకు శాలువా కప్పలేదు. శాలువా కప్పితే "ఎండాకాలం ఇదెందుకు" అని పదిమందిలో అనేస్తుందని తెలుసు. తలా ఒక చెయ్యి వేసి, మూలపడి ఉన్న ఆ మోటారును మళ్లీ చుట్టించి, రంగు వేయించి ఇచ్చారు. అమ్మమ్మ మెచ్చుకున్న వస్తువు ఈ భూమి మీద అదొక్కటే. కొత్త మార్పు ఏదొచ్చినా దాని మీద నడిపించి, చప్పుడు విని కానీ అవుననదు. లోకమంతా కోడ్‌ను కళ్లతో చదివితే అమ్మమ్మ చెవులతో కూడా చదువుతుంది. అందుకే ఆమె పొగరుకు కొంచెం అర్థముంది. కొంచెమే.

ఆదివారం ఉదయం మేడ ఎక్కింది. తాతయ్య సాక్షిగా వెంట వెళ్లాడు. పిల్లికి ఎలుక సాక్ష్యం అనుకోకూడదు, ఆయన అబద్ధం చెప్పలేడు.

పాత గిలకనే, తడిగుడ్డ మార్పు లేకుండా, నడిపించింది. మోటారు వేసింది. నీళ్లు ఎర్ర డ్రమ్ములోకి ఎక్కుతున్నాయి. మట్టం అరవై దగ్గర ఉండగా మీటరు వైరు తానే చేత్తో పీకేసింది.

"ఇదిగో, ఎలుక కొరికింది. ఇక చూడండి" అంది.

ఇద్దరూ నిలబడి చూశారు. డ్రమ్ము నిండుతున్నకొద్దీ నీళ్ల చప్పుడు సన్నబడింది. కాసేపటికి మోటారు ఆగింది. ఒక్క చుక్క కింద పడలేదు.

"పొర్లిందా?" అంది అమ్మమ్మ.

"పొర్లలేదు."

నోటుబుక్కులో రాసుకుంది. డ్రమ్ము ఖాళీ చేసి ఇంకోసారి చేసింది. పొర్లలేదు. మూడోసారీ పొర్లలేదు. మూడు రుజువులు దొరికిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ముఖం. పంతులుకు రాయాల్సిన వాక్యాలు అప్పుడే పెదవుల మీద ఆడుతున్నాయి.

"ఒక్క మాట" అన్నాడు తాతయ్య. "మోటారు ఆపింది ఎవరు?"

"గిలక. ఇంకెవరు?"

"గిలకకు గాజులుంటాయా?"

"ఏమిటి మీరనేది?"

"మూడుసార్లూ మోటారు ఆగేముందు గాజుల చప్పుడు వినబడింది. చప్పుడు సన్నబడగానే నీ చెయ్యి స్విచ్ మీదికి పోతోంది."

"నేను స్విచ్ ముట్టుకోలేదు."

"ఇప్పుడు ఎక్కడుంది నీ చెయ్యి?"

అమ్మమ్మ చూసుకుంది. కుడిచెయ్యి స్విచ్ బోర్డు మీద, రోజూ వచ్చిపోయే చుట్టంలా, తీరిగ్గా కూర్చుని ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. "పరీక్ష అయిపోయిందని ఆపి ఉంటాను" అంది.

"అయితే ఈసారి అయిపోనివ్వకు. ఆ మోటారు వేసి, వైరు పీకి, కిందికి రా. కర్టెన్ కొలతలు తీయాలి, గుడ్డ పట్టుకునేవాళ్లు లేరు."

"ఇప్పుడు కర్టెన్లా?"

"గిలక ఉందిగా, దాని పని అది చేసుకుంటుంది."

చేసుకోదంటే తడిగుడ్డ గెలిచినట్టు. అమ్మమ్మ మోటారు వేసింది, అరవై దగ్గర వైరు పీకింది, మెట్లు దిగింది. తాతయ్య ఆమె రెండు చేతుల్లోనూ కర్టెన్ గుడ్డ కొసలు పెట్టి, తాను అటు చివర నేల మీద కూర్చుని సుద్దముక్కతో గీతలు గీయసాగాడు. నలభై ఏళ్లలో ఆయన అంత నెమ్మదిగా గీత గీసింది లేదు. గీసి, చెరిపి, మళ్లీ గీశాడు.

మేడ మీదినుంచి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. మామూలు మనుషులకు అదొక చప్పుడు. అమ్మమ్మకు అది అంకెలు.

"డెబ్బై అయింది" అంది.

"గుడ్డ జారుతోంది, బిగించి పట్టుకో."

"ఎనభై."

"ఊఁ."

"ఏమండీ, తొంభై దాటింది. ఆగలేదు."

"ఆగుతుందిలే. పన్నెండేళ్లుగా ఆగుతోందిగా."

రెండు చేతులూ మెట్ల వైపు లాగుతున్నాయి, ఆమె వాటిని గుడ్డతో పాటు పట్టుకుని నిలబడింది. పట్టుదల అంటే అదే. తన మాట తప్పని తెలిసిపోయాక కూడా, గిలక ఇప్పుడైనా తనకు తాను ఆగి తన పరువు నిలబెడుతుందేమోనని ఎదురుచూసింది. చప్పుడు సన్నబడి, ఇంకా సన్నబడి, ఒక్కసారిగా మారిపోయింది. నీళ్లలో నీళ్లు పడే చప్పుడు పోయి, సిమెంటు మీద నీళ్లు పడే చప్పుడు వచ్చింది.

అప్పటికీ కదలలేదు. మోటారు ఆగలేదు. మొదటి మెట్టు మీదికి నీళ్లు మర్యాదగా వచ్చాయి. రెండో మెట్టు దిగాయి, మూడోది దిగాయి, అడుగున వరసగా పెట్టి ఉన్న అల్లుడి కొత్త ఆఫీసు బూట్లలోకి ఎవరో పిలిచినట్టు దూరాయి.

"అత్తయ్యగారూ, బూట్లు" అన్నాడు అల్లుడు గుమ్మంలోంచి.

"పరీక్ష నడుస్తోంది, మాట్లాడకు బాబూ" అంది అమ్మమ్మ.

ఆ మాట అంటుండగానే పైన మోటారు గొంతు మారింది. కింది డ్రమ్ము ఖాళీ అయిపోయి, నీళ్లు లేకుండా తిరుగుతోంది. అమ్మమ్మ గుడ్డ వదిలేసి మెట్లెక్కింది. ఆ వయసులో, ఆ తడిలో, రెండేసి మెట్లు. స్విచ్ ఆపేసరికి కాలిన వాసన మేడంతా పట్టింది.

మోటారు మీద చెయ్యి వేసి చూసింది. వెంటనే తీసేసింది. మళ్లీ వేసింది.

తాతయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. నవ్వలేదు. అది ఆయన మంచితనం.

"పంపుహౌసులో వైరు ఊడితే ఏం చేసేవాళ్లు?" అని అడిగాడు కాసేపటికి.

"ఏం చేస్తారు? నేను ఆపేదాన్ని."

"నువ్వు లేనప్పుడు?"

"లేకపోవడమేమిటి? నేనెప్పుడు లేను?"

అంది కానీ, అని ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ కుర్చీలో ఆమె ఉంది. గిలక రాసినప్పుడూ పక్కనే ఉంది. ముప్పై దగ్గర వేయడం రాసింది, తొంభై దగ్గర ఆపడం రాసింది, వైరు ఊడితే కంగారుపడవద్దని రాసింది. వైరు తిరిగి తగలకపోతే చూసుకునే మనిషిని మాత్రం రాయలేదు, ఎందుకంటే ఆ మనిషి అక్కడే కూర్చుని ఉంది. తరవాత గిలకను లోకానికి ఇచ్చేసింది. తనను తాను అందులో పెట్టి పంపడం మరిచిపోయింది. అందరి కోడ్‌లో అన్ని తప్పులూ పట్టిన మనిషి. గురివింద గింజ ఊరికే సామెతలోకి ఎక్కలేదు.

మెట్లు ఎవరినీ తుడవనివ్వలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని, బకెట్టూ గుడ్డా పట్టుకుని పైనుంచి కిందికి తానే తుడిచింది. పద్దెనిమిది మెట్లు. ఎనిమిదో మెట్టు దగ్గర నడుం పట్టుకుని కాసేపు కూర్చుంది. "ఐదంతస్తులట" అంది, ఎవరితోనో కాదు. మళ్లీ వంగింది. అల్లుడు సాయం వస్తానంటే, "గుడ్డ పిండడం కూడా కోడ్ రాసినట్టే చేస్తావు, వద్దు" అంది. దాంతో ఇంట్లో అందరికీ కొంచెం ధైర్యం వచ్చింది.

సాయంత్రం నాలుగింటికి లాప్‌టాప్ తెరిచింది. పన్నెండేళ్లనాటి ఆ లైను దగ్గరికి వెళ్లింది. అది ఎవరు రాశారో చూపించే సాధనం నొక్కింది. తెర మీద ఆమె పేరే వచ్చింది, తారీఖుతో సహా. అందరికీ కనబడేచోట, ఆ లైను కింద, కామెంట్ పెట్టింది:

"ఈ లైను రాసిన మహానుభావులెవరు? తాము తప్ప లోకంలో ఇంకెవరూ మోటార్లు నడపరనుకున్నారా?"

కింద తన పేరూ తారీఖూ తానే అంటించింది. పేరు పూర్తిగా, ఇంటిపేరుతో.

తరవాత తడిగుడ్డకు రాసింది. ఇది రాయడానికి గంట పట్టింది. రాసింది కొట్టేసి, మళ్లీ రాసి, తాతయ్యకు చూపించకుండా పంపింది. ఆ రాసింది ఇది:

"పరీక్ష చేశాను. మీరు చెప్పినట్టే నీళ్లు పోయాయి. నా మోటారు కాలింది. మీ నాలుగు లైన్లు సరైనవి. ఆ పొడుగు పేరు ఇప్పటికీ దరిద్రంగానే ఉంది, నేనే కత్తిరించాను. ఎలుకల సంగతి మాత్రం చూసుకోండి, దానికి నా దగ్గర ప్రోగ్రాం లేదు. మార్పు కలిపేశాను."

క్షమించండి అనే మాట లేదు. ఆ మాటను అమ్మమ్మ ఇంకా పరీక్షించి చూడలేదు.

పంతులు ఆ సాయంత్రమే ఒక ముక్క పంపాడు. "మంచి ప్రయత్నం, అక్కయ్యగారూ."

"చూశారా ఎంత పొగరో" అంది అమ్మమ్మ, తాతయ్య వైపు లాప్‌టాప్ తిప్పి. తాతయ్య చూశాడు. పొగరు ఎవరిదని అడగలేదు.

నెల తరవాత కొత్త గిలక తయారైంది. మోటారును మళ్లీ చుట్టించారు కానీ రంగు పాతదే, కాలిన మచ్చ అలాగే ఉంది, అమ్మమ్మ కొత్త రంగు వేయనివ్వలేదు. నాలుగు వేల లైన్లూ పంపేసి, పంతులు చదువుతాడని కూర్చుంది. పంతులు చదువుతానన్నాడు. తనతో పాటు ఇంకొకరిని కూడా చదవమని అడిగానన్నాడు.

వారం తిరక్కుండానే ఆ ఇంకొకరి నుంచి కామెంట్ వచ్చింది. నాలుగు వేల లైన్లకు కలిపి ఒకటే కామెంట్. తడిగుడ్డ.

"బాగుందండీ, చాలా నేర్చుకున్నాను. మూడు వందల పదో లైను దగ్గర చిన్న సందేహం. కరెంటు పోయి వస్తే బటన్ నొక్కే దాకా మోటారు వేయకుండా ఆగాలని రాశారు. ఆ బటన్ నొక్కేది ఎవరండీ?"

అమ్మమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని చదివింది.

"నిన్నగాక మొన్న క, కక అని రాసిన మనిషి. వేలెడంత లేడు, నా లైన్లు లెక్కపెడుతున్నాడు" అంది. "మెట్లు తుడుచుకునేవాడికి మూడు వందల పదో లైనుతో ఏం పని?"

తాతయ్య మిషన్ ఆపాడు.

"నొక్కేది ఎవరు?" అన్నాడు.

"చేతులు ఖాళీగా ఉంటే ఆ కర్టెన్లు కుట్టండి. నెలనుంచి పడున్నాయి" అంది అమ్మమ్మ, తల తిప్పకుండానే. అంటూనే మూడు వందల పదో లైను దగ్గరికి దిగి, కుర్చీ ముందుకు లాక్కుని, దాన్ని కొట్టేయడం మొదలుపెట్టింది.